పైపు మీద బావ చెయ్యి

అది శ్రావణమాసంలో ఒక శనివారం, ఉదయం పదకొండు గంటల పదిహేను నిమిషాలు. ముందే రాసి పెడుతున్నాను. ఈ ఒక్క ముక్క పైకి చెప్పడానికి నాకు పద్దెనిమిదేళ్లు పట్టింది. మిగతా కబుర్లన్నీ అయ్యాక రాద్దామని కూర్చుంటే మళ్లీ ఎక్కడో దాటేస్తానని నా మీద నాకే అనుమానం.

పోయిన నెలలో మా అల్లుడి కారులో ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్తున్నాం. ఉంగుటూరు దగ్గరికి వచ్చేసరికి కారులో డీజిలు వాసన మొదలైంది. నలభై ఏళ్లు అందులోనే మునిగి తేలినవాణ్ణి, ఆ వాసన నాకు తెలిసినంత త్వరగా ఇంకెవరికీ తెలియదు. రోడ్డు పక్క షెడ్డు ముందు ఆపించాను. అక్కడి మెకానిక్కి ముప్పై ఐదేళ్లుంటాయేమో, బానెట్ ఎత్తి ఇంజను ఆడుతుండగానే దూరంగా నిలబడి తొంగి చూస్తున్నాడు. ఆ దూరం నాకు నచ్చలేదు. ఇంజనుకి భయపడే మెకానిక్కేమిటని పక్కకి వెళ్లి, పాత అలవాటు చొప్పున పైపు కిందికి చెయ్యి పోనిచ్చాను.

"తాతగారూ, చెయ్యి! చెయ్యి తీయండి ముందు!" అని ఆయన నా మణికట్టు పట్టుకుని వెనక్కి లాగేశాడు. కోపంగానే లాగాడు. "ఇంకో పదేళ్లు అన్నం కలుపుకుని తినాలని లేదేంటండీ మీకు?"

తరవాత బిస్కెట్ల డబ్బా అట్ట ముక్క ఒకటి తీసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, ఆ అట్టని పైపుల కింద మెల్లగా జరుపుకుంటూ పోయాడు. ఒకచోట అట్ట తడిసింది. చూస్తుండగానే బ్లేడుతో గీసినట్టు చిన్న చీలిక పడింది. ఇంజను ఆపించి, ఆ అట్ట నా చేతిలో పెట్టి, చూశారా అన్నట్టు తల ఆడించాడు. ఆయనకి తెలియదు పాపం, ఆ చీలిక ఏమిటో నాకు ఎవరూ చూపించక్కర్లేదని. అల్లుడు టీ ఇప్పించాడు. తాగలేకపోయాను. ఒక మనిషి చెయ్యి పోవడం కళ్లారా చూసినవాణ్ణి, నా చేతికి ఇంకా బుద్ధి రాలేదు. ఆ అట్ట ముక్క జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను. ఇది రాస్తుంటే బల్ల మీద, ఎదురుగానే ఉంది.

మీలో లారీలు నడిపినవాళ్లూ, చేలో ఆయిలింజను పెట్టి నీళ్లు తోడినవాళ్లూ ఉంటే నేను చెప్పేది వెంటనే తెలుస్తుంది. లేనివాళ్లకి కొంచెం వివరంగా చెబుతాను, విసుక్కోకండి. డీజిలు ఇంజనుకి గుండెకాయ పంపు. అది డీజిలుని గట్టిగా నొక్కి సన్నటి ఉక్కు పైపుల్లోంచి నాజిళ్లకి పంపిస్తుంది, నాజిలు దాన్ని మంచుపొగలాగా ఇంజనులోకి చిమ్ముతుంది. పాత ఇంజన్లలో ఒక్కో నాజిలుకి ఒక్కో పైపు, పంపు వంతులవారీగా ఒక్కోదాన్ని తన్నేది. పైపుని బొటనవేలితో, రెండు వేళ్లతో పట్టుకుంటే ఆ తన్ను మనిషి మణికట్టులో కొట్టుకున్నట్టే తెలిసేది. దాన్ని మేము నాడి చూడటం అనేవాళ్లం. నాడి సరిగ్గా చూడగలిగినవాడే పంపు మేస్త్రీ. మిగిలినవాళ్లు నట్లు బిగించేవాళ్లు.

మా బావ, అంటే మా అక్క భర్త, నాడి చూడటంలో తాడేపల్లిగూడెంలో పేరున్న మనిషి. బెల్లం, ఉల్లిపాయల మార్కెట్టుకి వచ్చిన లారీలు ఆయన షెడ్డు ముందు ఆగకుండా వెళ్లేవి కావు. ఇరవై రెండేళ్ల వయసులో గేదెల వెనక తిరగడం మానేసి ఆయన దగ్గర చేరాను. కొట్టలేదు, తిట్టలేదు, అన్నం పెట్టి పని నేర్పాడు. కొల్లేట్లో చెరువుల మీద ఇంజను మొరాయించిందని కబురొస్తే ఇద్దరం సామాన్ల సంచీ వేసుకుని, బస్సు దిగి, గట్ల మీద నడిచి, నడక లేనిచోట దోనె ఎక్కి వెళ్లేవాళ్లం. బావ దోనెలో కూర్చున్నంతసేపూ కుడిచెయ్యి నీళ్లలో పెట్టుకునేవాడు. వేళ్లు మెత్తబడితే నాడి బాగా అందుతుందని ఆయన నమ్మకం. నిజమో కాదో నాకిప్పటికీ తెలియదు. గట్టు మీద ఇంజను పక్కన గొంతుక్కూర్చుని, కళ్లు మూసుకుని, పైపు పట్టుకుని, "రెండోది తన్నట్లేదురా" అనేవాడు. విప్పి చూస్తే రెండోదే అయ్యేది. చుట్టూ ఉన్న రైతులు దణ్ణం పెట్టినంత పని చేసేవారు. నాకు మాత్రం ఆ చెయ్యి నాకెందుకు లేదా అని లోపల ఉడుకుగా ఉండేది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను కాబట్టి అదీ రాయాలి.

తరవాత చేపల లారీలు ఎక్కువయ్యాక షెడ్డుని ఏలూరుకి మార్చాం. నాకు అక్షరాలు వచ్చింది అక్కడే, నలభై దాటాక. ఒకేలా ఉన్న రెండు నాజిలు డబ్బాలు తారుమారు చేసి ఒక లారీ ఇంజను పాడుచేశాను. ఆ రోజు సాయంత్రమే అక్క పలక కొని తెచ్చింది. ఆవిడ అయిదో తరగతి దాకా చదువుకుంది. ఆ పలక మీద అ ఆలు దిద్దించి, తప్పు రాస్తే స్కేలుతో వేళ్ల మీద కొట్టేది.

"కొట్టు, ఇంకో రెండు కొట్టు. నాచేత ఒక్కటీ కొట్టించుకోలేదు వెధవ," అని మా బావ గుమ్మంలో కూర్చుని నవ్వేవాడు.

"మీరు నవ్వకండి. మీ సంతకం చూస్తే వానపాము పాకినట్టుంటుంది," అనేది అక్క.

ఈ అక్షరాలన్నీ ఆవిడ పెట్టిన భిక్ష. ఇవాళ వాటిని దేనికి వాడుతున్నానో ఆవిడ చదివినప్పుడు తెలుస్తుంది.

ఇంతలో కొత్తరకం ఇంజన్లు వచ్చాయి. వంతులవారీగా తన్నడం పోయింది. పంపు డీజిలంతా తెచ్చి ఒక లావాటి ఉక్కు గొట్టంలో నొక్కి పెడుతుంది, అక్కణ్ణుంచి నాజిళ్లకి పోతుంది. కామన్ రైలు అంటారు. ఇంజను ఆడినంతసేపూ ఆ గొట్టంలోనూ, దానికి వచ్చే పైపులోనూ డీజిలు పాత ఇంజన్లకంటే ఎన్నో రెట్లు ఒత్తిడి మీద ఉంటుంది. పైన చెయ్యి వేస్తే మాత్రం ఏమీ తెలియదు. నాడి లేదు. మా బావ మొదటిసారి ఒక కొత్త ఇంజను పైపు పట్టుకుని చాలాసేపు చూసి, "ఇదేంట్రా, శవాన్ని ముట్టుకున్నట్టుంది," అన్నాడు. ఆయనకి ఆ ఇంజన్లంటే మొదటినుంచీ పడలేదు. వాటి జోలికి పోవద్దు, మనకి వచ్చిన పాతబండ్లు మనకున్నాయి అనేవాడు. నేను వినలేదు. పాతబండ్లు తగ్గిపోతున్నాయి, కొత్తవి మిగతా షెడ్లకి పోతున్నాయి, మనం చూస్తూ కూర్చోవాలా అని నా వాదన.

అలాంటి సమయంలో పెదపాడు అవతల్నుంచి ఒక చెరువుల ఆసామి వచ్చాడు. పెద్ద కారు, కామన్ రైలు ఇంజను. చేపపిల్లని ఆక్సిజన్ కవర్లలో పోసి, వెనకసీట్లు పీకేసి, ఆ కారులోనే హేచరీ నుంచి చెరువుకి తెచ్చుకునేవాడు. కవరులో గాలి అయిపోయేలోపు చెరువులో వదలాలి, లేకపోతే పిల్ల వెల్లకిలా తేలిపోతుంది. బరువుతో కారు లాగట్లేదు, రెండుసార్లు సగం పిల్ల దారిలోనే చచ్చిపోయింది. ఇంజనుకి డీజిలు ధారాళంగా పారేట్టు చేసి లాగుడు పెంచాలన్నాడు. రెండు షెడ్లవాళ్లు కుదరదన్నారట.

"కుదురుతుందండీ," అన్నాను నేను. మా బావ మొహం చూడకుండా అన్నాను.

ఏం చేశామో చెబుతాను, దాచేదేముంది. బెజవాడలో పాతసామాన్లు అమ్మేచోట పెద్దబండిది పంపు ఒకటి సంపాదించాను, అది కారు పంపుకంటే ఎక్కువ డీజిలు తోస్తుంది. నాజిళ్ల బెజ్జాలు పెద్దవి చేయించాను. గొట్టంలో ఒత్తిడి హద్దు దాటితే తెరుచుకుని వదిలేసే వాల్వు ఒకటి ఉంటుంది, దాని స్ప్రింగు కింద మందపాటి వాషరు వేశాను, తొందరగా తెరుచుకోకుండా. ఇవన్నీ చేసి చూసుకుంటే కొత్త పంపు మూతి ఇంకోవైపు తిరిగి ఉంది. పంపు నుంచి గొట్టానికి వెళ్లే పైపు అందట్లేదు. కొలతకి సరిపోయే కొత్త పైపు మద్రాసు నుంచి రావాలి, నాలుగు రోజులు పడుతుందన్నారు. ఆసామికి శనివారం మధ్యాహ్నం రెండింటికి హేచరీ దగ్గర వంతు. ఆ వంతు తప్పితే మళ్లీ పదిహేను రోజుల దాకా పిల్ల లేదు, చెరువుకి నీళ్లు పెట్టేసి కూర్చున్నాడు.

పక్కనే లేత్ మిషను సాయిబుగారు ఉండేవారు, మెత్తటి మనిషి. పాత పైపు ఒకటి కాల్చి వంచి, మూతి అతికి ఇమ్మన్నాను. చేసి ఇచ్చారు. ఇస్తూ, "మేస్త్రీగారూ, ఇది నీళ్ల పైపు కాదండీ. కాల్చిన ఉక్కు మెత్తబడుద్ది. రెండు రోజులు నడిపించుకుని అసలుది వేసేయండి," అన్నారు. సరేనన్నాను. మా బావ ఆ పైపుని చేతిలో అటూ ఇటూ తిప్పి, వంపు దగ్గర గోరుతో గీకి, "నాలుగు రోజులు ఆగుదాంరా," అన్నాడు. ఆయన అన్నది అంతే. నేను ఆగలేదు. ఆ షెడ్డులో ఆయన గురువు, నేను శిష్యుణ్ణి. ఆ వారం మాత్రం నేను పెద్దవాణ్ణైపోయాను, ఆయన కాదనలేదు.

ఇంకొక్కటి. ఆ ఇంజను మీద పసుపు రంగు చీటీ ఒకటి అతికించి ఉంది. ఇంగ్లీషులో ఏదో రాసి, పక్కన ఒక చెయ్యి, ఆ చేతిలోంచి ఒక గీత దూసుకుపోయినట్టు బొమ్మ. బావ దాన్ని చూసి, ఏంట్రా ఇది అన్నాడు. చెయ్యి కడుక్కుని ముట్టుకోమంటున్నాడు బావగారూ అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. పానా తిరగడానికి అడ్డొస్తోందని ఆ చీటీని పెట్రోలు గుడ్డతో రుద్ది నేనే ఊడదీశాను. నాకు ఇంగ్లీషు రాదు, నిజమే. బొమ్మ చూడటానికి ఏ భాషా రానక్కర్లేదు.

శనివారం పదకొండు గంటలకి ఇంజను స్టార్టు చేశాం. ఒక్క దెబ్బకి అందుకుంది. ఆసామి యాక్సిలరేటరు తొక్కితే షెడ్డు రేకులు అదిరాయి. ఆయన మొహం వెలిగిపోయింది. సాయిబుగారు కూడా తన పైపు ఎలా నిలబడిందో చూద్దామని వచ్చి పక్కన నిలబడ్డారు. నాకైతే నేలమీద కాళ్లు లేవు. పది నిమిషాలయ్యాక లాగుడు తగ్గింది, డీజిలు వాసన వచ్చింది. ఎక్కడో కారుతోంది, కంటికి కనిపించట్లేదు. నేను వంగి చూశాను, పైపు మెరుస్తోంది తప్ప బొట్టు లేదు. గోడ మీద గడియారం వైపు చూశాను. పదకొండుంబావు. రెండింటికి బండి హేచరీ దగ్గర ఉండాలి. అప్పుడు నేనన్నాను, ఈ నోటితోనే అన్నాను:

"బావగారూ, ఓసారి మీ చెయ్యి పోనివ్వండి. మీకైతే తెలిసిపోద్ది."

ఇంజను ఆపమని ఎవరూ అనలేదు. ఆపితే లీకు తెలియదు కదా. బావ కుడిచెయ్యి గుడ్డకి తుడుచుకుని, కళ్లు మూసుకుని, పైపు కింద వేళ్లు పెట్టి మెల్లగా జరిపాడు, కొల్లేట్లో గట్టు మీద చేసినట్టే. వంపు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "చీమ కుట్టిందిరా," అన్నాడు. చూస్తే చూపుడువేలు మొదట్లో సూదిమొనంత చుక్క. రక్తం కూడా సరిగ్గా రాలేదు. నొప్పి లేదన్నాడు. లీకు దొరికిందన్న సంతోషంలో నేను ఆయన వీపు తట్టాను. ఆసామి కూడా, "మిషన్లు ఎందుకండీ, ఈ చెయ్యి చాలు," అన్నాడు.

ఇంజను ఆపి, పైపు విప్పి, సాయిబుగారు మళ్లీ అతికి ఇచ్చారు. బిగించడానికి బావ చెయ్యి వేయబోతే పానా జారిపోయింది. వేలు మొద్దుబారింది అన్నాడు. పన్నెండున్నరకి మళ్లీ అన్నాడు, చేతిలోపల బరువుగా ఉందిరా అని. డాక్టరు దగ్గరికి వెళ్దామా అని నేను అడగలేదు. బండి పంపించేద్దాం బావగారూ, అయిపోవచ్చింది అన్నాను. ఆయన ఎడమచేత్తో లైటు పట్టుకుని నిలబడ్డాడు. ఒంటిగంటకి నేను చెయ్యి కడుక్కుని నా క్యారేజీ విప్పి తిన్నాను. ఆయన క్యారేజీ బల్ల మీద అలాగే ఉంది. ఆకలి లేదన్నాడు. కుడిచేతి వేళ్లు ముడవటం లేదని నేను చూశాను. చూసి, తిన్నాను.

ఒకటిన్నర కాకుండానే కారు వెళ్లిపోయింది. పిల్ల బతికిందని తరవాత తెలిసింది.

నాలుగున్నరకి చెయ్యి తెల్లగా, గట్టిగా, మైనపు చెయ్యిలాగా అయింది. అప్పుడు భయమేసింది. ఆటోలో దగ్గర్లో ఉన్న నర్సింగ్ హోముకి తీసుకెళ్లి, అక్కకి ఫోను చేశాను. మేము వెళ్లిన పావుగంటకే అక్క వచ్చేసింది. డాక్టరు ఆ చుక్క చూసి, ఏం గుచ్చుకుంది, ఎప్పుడు అని అడిగాడు. ఏదో పైపు తగిలింది, సూది గుచ్చినట్టు అన్నాను. డీజిలు చర్మంలోంచి లోపలికి దూరిపోయిందని నాకప్పటికి తెలియదు, ఆ ఒక్కటీ నిజంగానే తెలియదు.

"ఎన్ని గంటలకి?" అన్నాడు.

అక్క నావైపు చూస్తోంది. పదకొండుంబావు అంటే, అప్పణ్ణుంచీ ఏం చేస్తున్నావురా అని అడుగుతుంది.

"మూడింటికండీ," అన్నాను.

బావ నావైపు తల తిప్పాడు. బెంచీ మీద పడుకుని ఉన్నాడు, ఎడమచేత్తో కుడిచెయ్యి పట్టుకుని. నా మొహం చూసి, మెల్లగా పైకప్పు వైపు తిరిగిపోయాడు. డాక్టరు కాగితం మీద మూడు అని రాసుకున్నాడు. ఇంకా రెండు గంటలేగా అయింది, వాపు తగ్గడానికి మందు ఇస్తాను, పొద్దున చూద్దాం అన్నాడు. పొద్దుటికి వాపు మోచేతి దాకా వచ్చింది, వేలు నల్లబడింది. బెజవాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడి డాక్టరు చూడగానే అడిగింది అదే, ఎన్ని గంటలకి అని. అక్క పక్కనే ఉంది. మళ్లీ మూడింటికే అన్నాను. రెండోసారి చెప్పేటప్పుడు నోరు తడబడలేదు. డీజిలు లోపలికి దూరిందంటే గంటలు లెక్కపెట్టుకుని వెంటనే కోసి కడగాలి, ఇది ముల్లు గుచ్చుకోవడం కాదు, తుపాకిదెబ్బ లాంటిదని ఆయన కేకలేశాడు. ఆ రోజే రెండు వేళ్లు తీసేశారు. మూడోరోజు మణికట్టు దాకా తీసేశారు.

నేను నిజం చెప్పి ఉంటే మొదటి డాక్టరు ఆ సాయంత్రమే బెజవాడ పంపేవాడేమో. పంపినా చెయ్యి పోయేదేమో. ఎవరికీ తెలియదు. తెలియదు కదా అని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అది ఓదార్పు కాదు, దాక్కోవడం.

బావ ఆ తరవాత పదకొండేళ్లు బతికాడు. షెడ్డుకి వచ్చి కుర్చీలో కూర్చునేవాడు. ఇంజను చప్పుడు విని ఫలానా అని చెప్పేవాడు, సగం సరిగ్గా చెప్పేవాడు, సగం కాదు. తప్పినప్పుడల్లా మొండిచేతిని కండువా కిందికి లాక్కునేవాడు. కొన్నాళ్లకి రావడం మానేశాడు. అక్క నాకు దిద్దించిన ఆ పలకే అటక మీంచి దించి, ఆయనకి ఎడమచేత్తో సంతకం నేర్పింది. ఒకసారి వెళ్లేసరికి ఇద్దరూ అరుగు మీద కూర్చుని ఉన్నారు. "ఏరా, నన్ను కూడా కొడుతోంది చూడు మీ అక్క," అన్నాడు నవ్వుతూ. నేను నవ్వలేక మంచినీళ్లు అడిగి లోపలికి వెళ్లిపోయాను. ఆయన నాతో ఆ గంట గురించి ఒక్కసారి కూడా ఎత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేది. చివరి రోజుల్లో మంచం పక్కన కూర్చుంటే, ఎడమచేతి వేళ్లు నా మణికట్టు మీద వేసి, కళ్లు మూసుకుని, చాలాసేపు అలాగే ఉంచాడు. ఏం చూశాడో చెప్పలేదు.

అక్క మాత్రం ఒకసారి అడిగింది. చెయ్యి తీసేసిన నెల తరవాత, గిన్నెలు తోముతూ, వెనక్కి తిరక్కుండానే అడిగింది. "ఒరేయ్, ఆ శనివారం మీ బావ క్యారేజీ ముట్టుకోలేదు. కట్టింది కట్టినట్టే ఉంది. దెబ్బ తగిలింది మూడింటికి కదా. ఒంటిగంటకి అన్నం ఎందుకు తినలేదురా?" పని హడావుడిలో మర్చిపోయాడక్కా అన్నాను. ఆవిడ చేతిలో గిన్నెని అవసరానికి మించి చాలాసేపు తోమింది. ఆ తరవాత ఇన్నేళ్లలో ఎన్నిసార్లు ఆ ఇంటికి భోజనానికి వెళ్లానో లెక్కలేదు. ప్రతిసారీ వడ్డించి, నేను మొదటి ముద్ద తినేదాకా ఎదురుగా నిలబడుతుంది. అది ప్రేమో, జవాబు కోసం ఎదురుచూడటమో నాకు తెలియదు. తినలేక తింటాను.

ఇప్పుడు షెడ్లు మారిపోయాయి. దెందులూరు నుంచి గూడెం దాకా రోడ్డు పొడుగునా ఎక్కడ చూసినా బండికి వైరు తగిలించి, తెర మీద అంకెలు చూసి ఏ నాజిలు పనిచేయట్లేదో చెబుతున్నారు. లాగుడు పెంచాలన్నా పంపు విప్పరు, ఏదో ప్రోగ్రాం మారుస్తారట. ఇంజను మీద చెయ్యి వేసేవాడే లేడు. మొదట్లో నాకిది దిగులుగా ఉండేది. నాడి తెలిసిన చేతులు పోయాయి, పని అంటే ఏమిటో తెలిసిన మనుషులు పోయారు అని పదిమందిలో కూర్చుని వాపోయేవాణ్ణి. మీరూ మీమీ పనుల గురించి అలాగే అనుకుంటుంటారు, నాకు తెలుసు. ఉంగుటూరులో ఆ మెకానిక్కి నాడి చూడటం రాదు, ఆ మాటే విని ఉండడు. అట్ట ముక్కతో వెతికాడు. ఇంటికి వెళ్లి రెండు చేతులతో పిల్లల్ని ఎత్తుకుని ఉంటాడు. మా బావ చెయ్యి లాంటి చెయ్యి ఈ రోడ్డు మీద మళ్లీ పుట్టదు. పుట్టకపోవడమే మంచిది. ఈ రెండు మాటలూ నిజమే, పక్కపక్కన పెట్టుకుని బతకడం మాత్రం కష్టంగా ఉంది.

అక్కకి డెబ్బై నాలుగు. కళ్లజోడు పెట్టుకుని ఇప్పటికీ ప్రతి అక్షరం చదువుతుంది, నేను రాసినవాటిలో తప్పులు ఎర్రపెన్నుతో దిద్దుతుంది. ఈ కాగితాలు కూడా రేపు ఆవిడ చేతికే ఇస్తాను. దిద్దవలసింది దిద్దుతుంది, నాకు పడవలసింది పడుతుంది.

శ్రావణ శనివారం, ఉదయం పదకొండు గంటల పదిహేను నిమిషాలకి ఏలూరు షెడ్డులో ఇంజను ఆడుతుండగా అక్కడ ఉన్నవాళ్లు: రెండింటికి బండి కావాలన్న చెరువుల ఆసామి, కాల్చిన పైపు మెత్తబడుతుందని ముందే చెప్పిన లేత్ సాయిబుగారు, కళ్లు మూసుకుని పైపు కింద చెయ్యి పెట్టిన మా బావ, ఆ చెయ్యి పెట్టమన్న నేను. బల్ల మీద, అక్క తెల్లారగట్ట లేచి కట్టిన క్యారేజీ.